కోతయంత్రములోని రబ్బరు బుడగ

వానకాలమున తోటలలో కలుపు మోకాలెత్తు పెరిగినప్పుడు, భుజమునకు తగిలించుకొని నడపు చిన్న పెట్రోలు కోతయంత్రము రైతులకు నేడు ఎంతయో అక్కరకు వచ్చుచున్నది. కాని కొన్నాళ్లు మూల నుంచిన యంత్రము ఒక పట్టాన కదలదు. పనివాడు త్రాడు పదేపదే లాగును, భుజము నొచ్చును, విసుగు పుట్టును. యంత్రము ప్రక్కనున్న చిన్న రబ్బరు బుడగను మాత్రము అతడు ముట్టడు. దానిని ఎక్కువ నొక్కినచో ఇంజనులో పెట్రోలు నిండి చెడునని అతని భయము. ఈ భయము ఎంతవరకు నిజమో విచారింతము.

కార్బురేటరు గల మోటారు సైకిలులో పెట్రోలు ట్యాంకు పైనుండును. పెట్రోలు తనంత తానే క్రిందికి దిగి, తేలుబిళ్ళ గల గిన్నెలో నిలుచును. కోతయంత్రమును పనివాడు అన్ని వైపులకు వంచును గనుక దానికి అట్టి ఏర్పాటు పనికిరాదు. అందులో కార్బురేటరును అంటి ఒక పలుచని పొర యుండును. పిస్టను ఆడునప్పుడు ఇంజను అడుగు గదిలో గాలి ఒత్తిడి హెచ్చుచు తగ్గుచు నుండును. ఆ ఒత్తిడికి పొర అల్లాడి, ట్యాంకునుండి పెట్రోలును లాగును. ఇంజను తిరిగిననే గాని పెట్రోలు రాదు. పెట్రోలు వచ్చిననే గాని ఇంజను తిరుగదు! ఈ చిక్కును విడదీయుటకే బుడగను అమర్చిరి.

బుడగ అడుగున రెండు కవాటము లున్నవి. ఒకటి లోనికి, రెండవది బయటికి మాత్రమే దారి యిచ్చును. బుడగను నొక్కగా అందలి గాలి తిరుగు గొట్టము ద్వారా ట్యాంకునకు పోవును. వ్రేలు తీయగా బుడగ మరల ఉబ్బి, కార్బురేటరులోని గాలిని పీల్చును. ఆ గాలి వెనుకనే పెట్రోలు వడపోత దాటి పైకెక్కును. పిల్లలకు మందు చుక్కలు వేయు గొట్టమున జరుగునదియు ఇదియే. కొన్ని పర్యాయములు నొక్కిన పిమ్మట బుడగలో పెట్రోలు నిండుగా కనబడును. అటుపై నొక్కిన పెట్రోలంతయు ట్యాంకునకే తిరిగి పోవును, సిలిండరులోనికి పోదు. సాధారణముగా ఇంజను మునుగుట చోకు మూసి యుంచి త్రాడు అదేపనిగా లాగుటవలన కలుగునదే గాని బుడగ దోషము కాదు.

అయితే ఒక హెచ్చరిక. కొన్ని చిన్న ఇంజనులలో తిరుగు గొట్టముండదు. వానిలో బుడగను నొక్కినచో పెట్రోలు నేరుగా ఇంజనునకు పోవు గాలి దారిలోనికే చేరును. అట్టివానిని యంత్రముతో నిచ్చిన పుస్తకములో చెప్పినన్ని పర్యాయములే నొక్కవలెను.

బుడగ రోగమును కూడ తెలుపును. నొక్కిన తరువాత అది ఉబ్బక సొట్టపడియే యున్నచో, వడపోత పూడినదనియో గొట్టము మడతపడినదనియో అనుమానింపవలెను. వెంటనే ఉబ్బియు గాలినే చూపుచున్నచో ట్యాంకు ఖాళీయై యుండవచ్చును. లేదా గొట్టమో బుడగయో పగిలి యుండవచ్చును. పగులునుండి కారు పెట్రోలు వేడి ఇంజనుపై పడినచో నిప్పంటుకొనును. కనుక బీటలు వారిన బుడగను వెంటనే మార్చవలెను. త్రాడు పట్టుటకు ముందు బుడగను ఒకసారి పరీక్షించిన పనివానికి భుజపునొప్పి తగ్గును, పొద్దెక్కకముందే పని సాగును.