ఒక్క సింహాసనం, ఇద్దరు అధినేతలు
కాబూల్ ఐక్యతా ప్రభుత్వానికి ప్రపంచమే పూచీ

2020 మార్చి 9న కాబూల్‌లో పక్కపక్కనే ఉన్న రెండు భవనాలలో ఇద్దరు నాయకులు ఆఫ్ఘనిస్థాన్ అధ్యక్షులుగా ప్రమాణ స్వీకారం చేశారు. అష్రఫ్ ఘనీ ప్రసంగిస్తుండగా సమీపంలో రాకెట్లు పేలాయి. అమెరికా ప్రత్యేక ప్రతినిధి జల్మే ఖలీల్‌జాద్ ఘనీ సభకు హాజరైనా, అబ్దుల్లా అబ్దుల్లా వెనక్కు తగ్గలేదు. ఉగ్రవాదాన్ని ఎదుర్కొనేందుకు అంతర్జాతీయ సమాజం ఆరేళ్ల క్రితం కుదిర్చిన పొత్తు ఆ రోజు బహిరంగంగానే బెడిసికొట్టింది.

ఈ పొత్తుకు మూలం 2014 అధ్యక్ష ఎన్నికలు. జూన్ 14న జరిగిన రెండో విడత పోలింగులో భారీ అక్రమాలు జరిగాయని ఆరోపించిన అబ్దుల్లా వర్గం, పోటీ ప్రభుత్వం ఏర్పాటు చేస్తామని హెచ్చరించింది. అమెరికా విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ హుటాహుటిన కాబూల్ చేరుకుని రాజీ కుదిర్చారు. ఐక్యరాజ్య సమితి పర్యవేక్షణలో సుమారు 80 లక్షల ఓట్లను తిరిగి పరిశీలించారు. సెప్టెంబరు 21న ఒప్పందంపై సంతకాలు జరిగాయి. ఘనీ విజేత అని అదే రోజు ప్రకటించిన ఎన్నికల సంఘం ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో మాత్రం చెప్పలేదు. రాజ్యాంగంలో లేని 'ప్రధాన కార్యనిర్వహణాధికారి' పదవి అబ్దుల్లాకు దక్కింది.

బయటి నుంచి మద్దతుకు కొదవ లేకపోయింది. ఘనీ పదవి చేపట్టిన మర్నాడే, సెప్టెంబరు 30న, అమెరికాతో భద్రతా ఒప్పందం కుదిరింది. 2016 జూలైలో వార్సాలో సమావేశమైన నాటో దేశాలు ఆఫ్ఘన్ సేనలకు 2020 వరకు నిధులు సమకూర్చేందుకు అంగీకరించాయి. అదే ఏడాది అక్టోబరులో బ్రస్సెల్స్ సదస్సులో దాతలు నాలుగేళ్లకు 1,520 కోట్ల డాలర్ల సాయం వాగ్దానం చేశారు. భారత్ కూడా వెనుకబడలేదు. కాబూల్‌లో తాను నిర్మించిన పార్లమెంటు భవనాన్ని 2015 డిసెంబరులోను, హెరాత్ రాష్ట్రంలోని సల్మా ఆనకట్టను 2016 జూన్‌లోను ఆ దేశానికి అప్పగించింది.

అయితే డబ్బు వచ్చినంత వేగంగా మంత్రులు రాలేదు. పదవుల పంపకంపై ఇరువర్గాల బేరసారాలతో మంత్రివర్గం పేర్లు ఖరారు కావడానికే మూడు నెలలకు పైగా పట్టింది. అన్నింటికన్నా విచిత్రం రక్షణ శాఖది. తాలిబన్లతో యుద్ధం ముమ్మరంగా సాగుతుండగా 2016 జూన్ వరకు ఆ శాఖకు పార్లమెంటు ఆమోదం పొందిన మంత్రే లేరు. ఈ మధ్యకాలంలోనే, 2015 సెప్టెంబరు 28న, కుందుజ్ నగరం తాలిబన్ల చేజిక్కింది. 2001 తర్వాత ఒక రాష్ట్ర రాజధాని వారి వశం కావడం అదే ప్రథమం. కొద్ది రోజులలో ప్రభుత్వ సేనలు దానిని తిరిగి స్వాధీనం చేసుకున్నా, ప్రజల గుండెలలో దిగిన భయం తొలగలేదు. 2016లో 3,498 మంది పౌరులు మరణించారని, 7,920 మంది గాయపడ్డారని సమితి నివేదిక వెల్లడించింది. మరుసటి ఏడాది మే 31న కాబూల్ దౌత్య కార్యాలయాల ప్రాంతంలో జరిగిన లారీ బాంబు దాడి ఒక్కటే 150 మందికి పైగా బలిగొంది.

రాజ్యాంగ సవరణ కోసం రెండేళ్లలో 'లోయా జిర్గా'ను సమావేశపరచాలన్న ఒప్పందపు షరతు అమలే కాలేదు. 2015లో జరగవలసిన పార్లమెంటు ఎన్నికలు 2018 అక్టోబరులో గాని జరగలేదు. హామీ ఇచ్చిన దేశాలు నిలదీయలేదని కాదు. నిలదీస్తే ప్రభుత్వమే కూలుతుందన్న బెరుకు వాటిని వెన్నాడింది. ప్రభుత్వ వ్యయంలో సుమారు మూడు వంతులు విదేశీ సాయమేనని ప్రపంచ బ్యాంకు లెక్క. అంత భారం మోస్తున్నవారి మాట కాబూల్ నేతలు కొంతవరకే విన్నారు.

ఇద్దరు అధ్యక్షుల వివాదాన్ని తీర్చలేక 2020 మార్చిలో అమెరికా వంద కోట్ల డాలర్ల సాయానికి కోత ప్రకటించింది. మే 17న మరోసారి రాజీ కుదిరి, తాలిబన్లతో శాంతి చర్చల బాధ్యత అబ్దుల్లాకు లభించింది. కాని అప్పటికే పరిస్థితి మారిపోయింది. ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా నేరుగా తాలిబన్లతో ఒప్పందం చేసుకుంది. కాబూల్ ప్రభుత్వానికి అందులో భాగం లేదు. 2021 ఆగస్టు 15న తాలిబన్లు రాజధానిలో ప్రవేశించగా ఘనీ దేశం విడిచి వెళ్లారు. అబ్దుల్లా కాబూల్‌లోనే ఉండిపోయారు. అమెరికాలో దాచిన సుమారు 700 కోట్ల డాలర్ల ఆఫ్ఘన్ విదేశీ మారక నిల్వలు స్తంభించిపోయాయి.