మూత్రపిండాల జబ్బు - మందు మోతాదు

మధుమేహమో, రక్తపుపోటో చాలాకాలంగా ఉన్న పెద్దలకు మూత్రపిండాలు క్రమంగా బలహీనపడటం కద్దు. అట్టివారిని తీవ్రమైన జ్వరంతో ఆసుపత్రిలో చేర్చినప్పుడు యాంటీబయాటిక్ మందు లిస్తారు. జ్వరం తగ్గుముఖం పడుతుంది. కాని నాలుగైదు రోజులకు రోగి పొంతన లేని మాటలాడటం, అయినవారిని ఆనవాలు పట్టకపోవటం, మగతగా పడివుండటం, కాళ్లూ చేతులూ ఉలికిపడినట్లు అదరటం జరుగవచ్చును. యింటివారు "పెద్దతనం గదా!" అని సరిపెట్టుకుంటారు. అది మందు వికటించటమూ కావచ్చును.

ఉదాహరణకు సెఫిపిమ్ అనే మందు ఉన్నది. దానిలో సుమారు 85 శాతం మూత్రం ద్వారానే బయటికి పోవాలి. మూత్రపిండాలు మందగిస్తే అది రక్తంలో నిలిచి, మెదడుకు చేరి, నరాల ఉద్రేకాన్ని అణచివుంచే 'గాబా' అనే పదార్థపు పనికి అడ్డుపడుతుంది. ఒక్కొక్కప్పుడు, పైకి కొట్టుకోవటం లేకుండానే లోలోపల మూర్ఛ సాగుతుంది. ఇ.ఇ.జి. పరీక్షలో గాని అది తెలియదు. 2012లో అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ దీనినిగూర్చి హెచ్చరించింది. అట్టి రోగులలో చాలమందికి మూత్రపిండాల శక్తినిబట్టి మోతాదు తగ్గించలేదట!

సకాలంలో గుర్తించి, వైద్యుడు మందు మార్చితే, అవసరమైతే డయాలిసిస్ చేస్తే, చాలమంది తిరిగి మామూలు మనుషులవుతారు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటివి చెవికి చేసే నష్టం మాత్రం తరచు శాశ్వతంగా మిగిలిపోతుంది.

అట్లని భయపడి మందు మీరే మానిపించరాదు. లోపలి క్రిమిదోషం ప్రాణానికే ముప్పు తేగలదు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత క్రియాటినిన్ పరీక్ష కాగితాలు వెంట తీసుకుపోండి. మూత్రపిండాల సంగతి ముందుగా చెప్పండి. మాటలో, చూపులో మార్పు కనిపిస్తే ఆ పూటే వైద్యునికి తెలపండి. రోగి మామూలు తీరు యింటివారికి తెలిసినట్లు మరెవరికి తెలుస్తుంది?