కవితలో పలుకని చుక్కలు

తాటాకు మీద పద్యం వ్రాసిన లేఖకులు పాదాలను విడదీయక వరుసగా వ్రాసుకొని పోయేవారు. నిలువుగీత తప్ప వారికి వేరే విరామచిహ్నాలతో పని ఉండేది కాదు. ఐనా నన్నయ ద్రౌపది కురుసభను అడిగిన ప్రశ్న ప్రశ్నగానే వినిపించింది. తిక్కన గాంధారి శోకం శోకంగానే వినిపించింది. అన్వయం తెలిసిన పాఠకుడు ఆగవలసిన చోట ఆగేవాడు.

కామాలు, ప్రశ్నార్థకాలు, ఆశ్చర్యార్థకాలు ఐరోపా ముద్రణ సంప్రదాయం వెంట మన అచ్చుపుస్తకాలలోకి వచ్చినవి. వచనంలో అవి చేసిన మేలు కాదనరానిది. కాని నేటి వచనకవితలు కొన్నింటిలో మాటల కంటె చుక్కలే ఎక్కువ. ఒక ఆశ్చర్యార్థకం చాలదన్నట్లు మూడేసి కనిపిస్తవి. మాట చేయవలసిన పనిని చిహ్నానికి అప్పగించడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

తెలుగుకు ఈ అవసరం మరీ తక్కువ. 'వచ్చాడా' అన్నప్పుడు చివరి దీర్ఘమే ప్రశ్న. 'అయ్యో', 'ఆహా', 'సుమా', 'కదా' అన్నవి నోటితో పలుకగల భావచిహ్నాలు. మూడు చుక్కలను ఏ విద్యార్థీ తరగతిలో చదివి వినిపించలేడు.

ఒక బాలకవి ఇలా వ్రాశాడనుకొందాం: "వాన వెలిసింది...! ఐనా... మనసు...???" చిహ్నాలు తుడిచివేస్తే ఇక్కడ మిగిలేది సగం వాక్యం. అతడే "వాన వెలిసింది, చూరు ఇంకా కారుతూనే ఉన్నది" అని వ్రాస్తే ఒక్క కామాతో దుఃఖం కళ్లకు కడుతుంది.

పాశ్చాత్యులు కూడ ఈ విషయం తర్కించినవారే. విరామచిహ్నాలను తొలగించి గణిత, సంగీత సంకేతాలు వాడవలెనని 1912లో ఇటలీ కవి మారినెట్టి ప్రకటించాడు. ఫ్రెంచి కవి అపొలినేర్ 1913లో వెలువడిన తన 'ఆల్కోల్' సంపుటి ప్రూఫులలో చిహ్నాలన్నీ కొట్టివేశాడు. లయ, పంక్తి విరుపు ఇవే నిజమైన విరామాలని అతని వాదం. ఇందుకు భిన్నంగా అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్ అడ్డగీతలను విరివిగా వాడింది. ఆమె మరణానంతరం 1890లో తొలి సంపుటిని ప్రకటించినవారు వాటిని చాలవరకు మార్చివేశారు. 1955లో థామస్ జాన్సన్ వ్రాతప్రతుల ననుసరించి వాటిని తిరిగి నిలిపినాడు. తీసివేస్తే పద్యం నడకే మారిపోయే గీతలవి. అందుకే వాటికి ఆ గౌరవం దక్కింది.

విద్యార్థి కవిత వ్రాసి తెచ్చినప్పుడు ఉపాధ్యాయుడు చేయదగిన పరీక్ష ఒకటున్నది. చిహ్నాలన్నీ తీసివేసి అతనిచేత బిగ్గరగా చదివించవలె. ఏది లేక అర్థమో నడకో చెడినదో దానిని మాత్రమే తిరిగి పెట్టుకోనీయవలె. ఈ పరీక్ష కఠినమైనదే. కాని చుక్కలతో సరిపెట్టుకొనడం అలవడిన బాలుడు మాటను వెదకడం మానుతాడు. మాటను వెదకనివానికి కవిత్వం ఎన్నటికీ చిక్కదు.