నదీదృశ్య చిత్రం – ప్రశాంతతకు అర్థం

నిశ్చలమైన నదిని చిత్రించిన బొమ్మ కనబడగానే ‘ఇది పలాయనవాదం’ అని తేల్చివేయడం మనలో చాలామందికి అలవాటు. కొన్నేళ్ళ క్రితం వరకు నేనూ తరగతిలో అలాగే చెప్పేవాణ్ణి. ఆ అభిప్రాయాన్ని ఎందుకు సవరించుకోవలసి వచ్చిందో వివరిస్తాను.

ఒకసారి మా కోరుకొండ పిల్లల్ని రాజమండ్రిలోని దామెర్ల రామారావు చిత్రశాలకు తీసుకువెళ్ళాను. రామారావు (1897–1925) ఆర్ట్సు కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచితో కన్నుమూశాడు. అతనికి పేరు తెచ్చినవి ప్రధానంగా మూర్తిచిత్రాలు. అయినా గోదావరిని కూడా అతడు ప్రేమతో చిత్రించాడు.

నదీదృశ్యంలోని శాంతి దానంతటదే రాదు. అది శిల్పం. నీటి అంచు, ఇసుక తిన్నె, ఆవలి గట్టు – ఈ అడ్డగీతలు చూపును నిలకడగా నడిపిస్తాయి. నీటిరంగుల్లో వెలుగు రంగు పూస్తే రాదు. కాగితాన్ని ఖాళీగా వదిలితే వస్తుంది. దూరపు కొండలు పలచనైనకొద్దీ మన ఊపిరీ నెమ్మదిస్తుంది. చెప్పకుండా వదలడమే ఇక్కడ చెప్పడం. కథకులకూ ఈ సంగతి పనికివస్తుంది.

అయితే వదిలినదేమిటి? ‘ఇందులో కష్టజీవి లేడు చూశారా?’ అన్నాను పిల్లలతో. లంక గ్రామం నుంచి వచ్చిన కుర్రవాడొకడు మెల్లగా అన్నాడు: ‘వరద తీసాక గోదారి ఇలాగే ఉంటుందండి. 86 వరదలో మా మామ్మగారి ఇల్లు పోయిందంట. తెల్లారి గట్టెక్కి ఇలాగే చూస్తా కూర్చున్నారంట.’

నాకు మాట రాలేదు. నేను బొమ్మలో మనిషి కోసం వెతికాను. ఆ మనిషి బొమ్మకు ఇవతల, చూస్తున్న చోట కూర్చుని ఉంది.

మరొకటీ గమనించాలి. రాజమండ్రి రేవుల దగ్గర గోదావరి అంత నిండుగా, తొణకకుండా నిలవడంలో దిగువనున్న ధవళేశ్వరం కట్టడానికి భాగముంది. 1847–52 మధ్య కాటన్ ఆధ్వర్యంలో వేలాది కూలీలు అక్కడ ఆనకట్ట కట్టారు; నేడు దాని స్థానంలో బ్యారేజీ ఉంది. మనం ప్రకృతి అనుకునే ఆ శాంతిలో మనుషుల చెమట కలిసి ఉంది.

కనుక ప్రశాంతత దోషం కాదు. అలజడిని ఎరుగని ప్రశాంతత వట్టి అలంకారం. అలజడిని దాటి వచ్చిన ప్రశాంతత జీవితం. ఈ రెంటినీ వేరుచేసి చూపడమే విమర్శకుని పని. ఆ పని ఆ రోజు నాకంటే ముందు నా విద్యార్థి చేశాడు.