తుప్పు పట్టిన తాళంచెవి విలువెంత?

నకరికల్లు వైపు పొలం దున్నుతుంటేనో, పాత మట్టిమిద్దె పడగొట్టి పునాది తీస్తుంటేనో ఒక తాళంచెవి బయటపడిందనుకోండి. చుట్టూ చేరినవాళ్ళ నోట మొదట వచ్చే మాట లంకెబిందెలే. బిందెల సంగతి పక్కన పెడితే, ఆ చెవిని నిదానంగా చూస్తే దాని కాలం గురించి చాలా తెలుస్తుంది.

ముందు లోహం చూడాలి. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటే ఇత్తడో, కంచో అయ్యే అవకాశం ఎక్కువ. తర్వాత కాడ. చివర బోలుగా ఉంటే, తాళం లోపలి సన్నని కడ్డీ మీద ఎక్కి తిరిగే రకం. పెట్టెలకూ, అల్మరాలకూ అలాంటివి వాడేవారు. కాడ గట్టిగా ఉంటే రెండువైపుల నుంచీ తీసే తలుపు తాళానిది కావచ్చు. పలకలా చదునుగా ఉండి అంచున రంపపు పళ్ళుంటే అది మరీ పాతది కాదు. ఆ రకం తాళానికి అమెరికాకు చెందిన లైనస్ యేల్ 1860లలో పేటెంటు తీసుకున్నాడు.

తల మీద అక్షరాలున్నాయేమో భూతద్దంతో వెతకాలి. గోద్రెజ్ అని ఉంటే 1897కు ముందుది కానే కాదు, ఆ సంస్థ పుట్టిందే ఆ ఏడాది.

ఇక ధర. మామూలు ఇనుప చెవికి పెద్దగా ఏమీ రాదు. దాని తాళం కూడా దొరికితే కొంత మెరుగు. అసలు విలువ తెచ్చేది రుజువున్న కథ. టైటానిక్ బయల్దేరే ముందు డేవిడ్ బ్లెయిర్ అనే అధికారిని ఓడ నుంచి మార్చారు. కాపలా గూటికి సంబంధించిన చెవి ఆయన దగ్గరే ఉండిపోయింది. అది కూతురి చేతికి, అక్కడి నుంచి నావికుల సంక్షేమ సంస్థకు చేరింది. 2007లో ఇంగ్లండు వేలంలో 90,000 పౌండ్లు పలికింది. చేతులు మారిన ప్రతి మెట్టూ తెలుసు కాబట్టే అంత ధర.

మన నేలలో దొరికిన చెవికి ఆ రుజువు అది దొరికిన చోటే. అందుకే చింతపండు, ఇటుకపొడి వేసి తోమకూడదు. తుప్పు గీకకూడదు. ఎక్కడ, ఎంత లోతున, పక్కన ఏ పెంకులు, నాణేలతో కలిసి దొరికిందో రాసుకుని, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. నాగార్జునసాగర్ నీటిలో మునగక ముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండలో తవ్వినవాళ్ళు చేసిందీ ఇదే. గుప్తనిధుల పేరుతో రాత్రిపూట గుళ్ళు తవ్వేవాళ్ళు చెరిపేస్తున్నదీ ఇదే సాక్ష్యాన్ని.

చట్టమూ తెలుసుకోవాలి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉండి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా పడవచ్చు. వందేళ్ళు దాటిన పురావస్తువును అనుమతి లేకుండా దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం.

నకరికల్లు వారికి కలెక్టరు కార్యాలయం నరసరావుపేటలోనే ఉంది. తాళంచెవి దొరికితే తోమకుండా, గుడ్డలో పొడిగా చుట్టి, వివరాలు రాసిన కాగితంతో సహా అక్కడికి తీసుకెళ్ళండి.