వేరుసెనగ: బలమును, భయమును

గడచిన సంక్రాంతికి మా యింట వేరుసెనగ యుండలు చుట్టితిమి. ఆడుకొనుచు వచ్చిన పొరుగింటి రెండేండ్ల బాలునికి మేమే యొక యుండను మెత్తగా దంచి పెట్టితిమి. కొలది నిమిషములకే వాని పెదవులు వాచెను, మేనెల్ల దద్దురులు లేచెను. పిదప వాంతి, ఆయాసము. దృష్టి తగిలినదని మా యత్తగారు ఉప్పు చేతబట్టి దిగదుడువ బోవుచుండగా, వాని తల్లి బిడ్డను భుజమున వేసికొని యాసుపత్రికి పరుగెత్తెను. తొడకు అడ్రినలిన్ సూదిమందు వేసిన పిమ్మటగాని వాని యూపిరి కుదుటబడలేదు. ఆ తల్లి మఱికొంత తడసి యుండినచో నేమయ్యెడిదో తలచుకొన్న నేటికిని మా చేతులు వణకును.

సోదరీమణులారా, దీనినే వైద్యులు ఎలర్జీ యందురు. గింజలోని మాంసకృత్తులను శరీరమునందలి రక్షకశక్తి శత్రువులని పొరబడి వానిపై దండెత్తుటయే దీనికి మూలము. ఇట్టివారికి గింజలో తునుక చాలును. పులిహోర, గుత్తివంకాయ కూర, పచ్చడి, పొడి, గానుగ నూనె, తుదకు కడుగని గరిటె యైనను చేటు తేగలదు.

ఆనాటినుండి మా వీథి తల్లులు తమ శిశువులకు వేరుసెనగ తగులనీయమని యొట్టు పెట్టుకొనిరి. మేమును తొలుత నట్లే తలంచితిమి. కాని యింత చవుకగా నింత బలము నిచ్చు వస్తువు మఱి యేది? నూఱు గ్రాముల గింజలలో 25 గ్రాముల మాంసకృత్తులు, 49 గ్రాముల క్రొవ్వు, 8 గ్రాముల పీచు నించుమించుగా నుండును. గర్భిణులకు మేలుచేయు ఫోలేటును గలదు. బాదము, జీడిపప్పుల చుట్టము కాదిది. కంది, పెసల కుటుంబములోనిది. మేము చదివిన ప్రబంధముల విందులలో దీని పేరు కానరాదు. దక్షిణ అమెరికానుండి వచ్చినది గదా! అయినను నేడు అనంతపురపు మెట్టచేలను, మన వంటిండ్లను ఏలుచున్నది.

ఇక నా యొట్టు మాట. 2015లో లండనులో వెలువడిన యొక పరిశోధన మమ్ము నాశ్చర్యపఱచినది. తీవ్రమైన గజ్జి వంటి చర్మవ్యాధియో, గ్రుడ్డు పడకపోవుటయో గల 640 మంది శిశువులను, నాలుగు మొదలు పదునొకండు నెలల వయసువారిని, రెండు తెగలుగా జేసిరి. ఐదేండ్లు వచ్చువఱకు వేరుసెనగ మాన్పించిన తెగలో నూటికి 17 మందికి ఎలర్జీ కలిగెను. క్రమముగా తినిపించిన తెగలో నూటికి 3 మందికే కలిగెను. భయపడి దాచుటయే కీడైనదన్నమాట!

కావున అన్నప్రాశన మైన బిడ్డకు, వేయించిన గింజలను వెన్నవలె నూఱి, రాగిజావలో పలుచగా కలిపి, చెంచా కొనతో నారంభింపవచ్చును. చర్మవ్యాధి గాని గ్రుడ్డు పడకపోవుట గాని యున్నచో ముందుగా వైద్యుని యనుమతి కావలయును. ఒకసారి పడలేదని తేలిన బిడ్డకు మాత్రము మరల రుచి చూపుట తగదు. ఐదేండ్ల లోపు వారి చేతికి గింజ గింజగా నీయరాదు, గొంతున నడ్డుపడును. బూజు పట్టినవి, ముడుచుకొన్నవి, చేదైనవి యెవరికిని పనికిరావు. వానిలోని అఫ్లటాక్సిన్ విషము కాలేయమును చెఱచును; వేయించినను పూర్తిగా పోదు.

ఆ బాలుడిప్పుడును మా యింటికి వచ్చుచున్నాడు. వానికై మరమరాల యుండలు వేఱొక డబ్బాలో నుంచుచున్నాము. ఆ డబ్బాపై మఱొకరి చేయి పడకుండ కాపలా కాయుచున్నది మా యత్తగారే.