ఒకే పాట... రెండే పేర్లు!

2023 జనవరి 24, మంగళవారం. సాయంత్రం ఏడు దాటింది. పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో జనరల్ షిఫ్టు దిగినవాళ్లను ఎక్కించుకుని కంపెనీ బస్సులు హైవే మీద సంగారెడ్డి వైపు బారులు తీరే వేళ. అదే సమయానికి అమెరికాలో, లాస్ ఏంజెలిస్ పక్కనున్న బెవర్లీ హిల్స్‌లో ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. నటుడు రిజ్ అహ్మద్, నటి అలిసన్ విలియమ్స్ వేదిక మీద నిలబడి 95వ ఆస్కార్ నామినేషన్లు చదువుతున్నారు. ఒరిజినల్ సాంగ్ విభాగం వచ్చింది. అక్షరక్రమంలో అయిదు పాటలు. అందులో నాలుగోది... ‘నాటు నాటు’!

ఓ తెలుగు పాట పేరు ఆ జాబితాలో వినపడటం అదే మొదటిసారి. బస్సుల్లో, ఇళ్లలో, హాస్టళ్లలో ఫోన్లు చేతపట్టుకున్న వాళ్లంతా ఒక్కసారిగా కేరింతలు కొట్టి ఉంటారు. ఆ తర్వాత జాబితా చివరిదాకా విన్నారు. ఇంకెక్కడా ‘ఆర్ఆర్ఆర్’ పేరు రాలేదు. దర్శకుడు లేడు, హీరోలు లేరు, కెమెరా లేదు, ఉత్తమ చిత్రం లేదు.

దాంతో మరునాటి నుంచీ మా కొండాపూర్‌లో (హైటెక్ సిటీ పక్క కొండాపూర్ కాదండోయ్, సంగారెడ్డి కొండాపూర్!) ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా రెండు గొంతులు వినిపించేవి. ‘‘గంత పెద్ద సిన్మాకు ఒక్కటేనా అన్నా?’’ అని ఒకరు. ‘‘ఒక్కటన్న వచ్చింది గదనే, ఇన్నేండ్లల్ల ఎప్పుడన్న వచ్చిందా?’’ అని ఇంకొకరు. టీ చల్లారేది కానీ వాదన చల్లారేది కాదు. నిజానికి ఇద్దరి మాటలోనూ పస ఉంది.

ఆశ ఎక్కడ మొదలైంది?

ఆ ‘ఒక్కటేనా’ వెనక నాలుగు నెలల నిరీక్షణ ఉంది. ఆస్కార్‌లో అంతర్జాతీయ చిత్రం విభాగానికి ఒక దేశం నుంచి ఒక్క సినిమానే పంపాలి. మన దేశంలో ఆ ఎంపిక ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా చేస్తుంది. 2022 సెప్టెంబరు 20న ఫెడరేషన్ ప్రకటించిన పేరు ‘ఛెల్లో షో’. పాన్ నలిన్ తీసిన గుజరాతీ చిత్రం. ‘ఆర్ఆర్ఆర్’ అభిమానులు భగ్గుమన్నారు. మన సినిమాను కావాలనే తొక్కేశారన్నారు.

ఆ కోపంలో సగమే న్యాయం. ఎందుకంటే 92 దేశాల ఎంట్రీల్లోంచి అకాడమీ డిసెంబరులో వడకట్టిన 15 చిత్రాల్లో ‘ఛెల్లో షో’ ఉంది. చివరి అయిదింటిలోకి చేరలేదు కానీ, అనర్హమైన సినిమాను పంపారనడం మాత్రం తప్పు. మరి మిగతా సగం? తెలుగు నుంచి దేశం తరఫున అధికారికంగా ఆస్కార్‌కు వెళ్లింది ఒకే ఒక్క సినిమా... కె.విశ్వనాథ్ ‘స్వాతిముత్యం’. అది 1986 నాటి ముచ్చట! అప్పటి నుంచి గడప దాటనివ్వని పరిశ్రమకు ఆమాత్రం ఉక్రోషం రాదా?

ఇంటి గుమ్మం మూసుకుంటే పెరటి గుమ్మం ఉండనే ఉంది. అమెరికాలో అకాడమీ చెప్పిన ఆరు మహానగర ప్రాంతాల్లో ఏదో ఒకచోట కనీసం వారం రోజులు థియేటర్లో ఆడిన సినిమా, ఏ దేశానిదైనా సరే, హాలీవుడ్ చిత్రాల సరసన మిగతా విభాగాలకు పోటీ పడొచ్చు. 2022 మార్చి 25న విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ అక్కడి హాళ్లలో బాగానే ఆడింది. జూన్ 1న ఒక్క రాత్రి కోసం మళ్లీ వేస్తే జనం విరగబడ్డారు. హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్లో సెప్టెంబరు 30న ప్రదర్శిస్తే ‘నాటు నాటు’కు ప్రేక్షకులు తెర ముందుకెళ్లి చిందులేశారు. ఆ ఊపుతో అక్టోబరులో నిర్మాతలు డజనుకు పైగా విభాగాల్లో సొంతంగా పోటీకి దిగారు.

ఇక డిసెంబరు, జనవరి నెలల్లో వరస పండగలే. న్యూయార్క్ ఫిల్మ్ క్రిటిక్స్ సర్కిల్ రాజమౌళిని ఉత్తమ దర్శకుడిగా ఎంపిక చేసింది. జనవరి 10న పాటకు గోల్డెన్ గ్లోబ్. 15న క్రిటిక్స్ ఛాయిస్‌లో పాటకూ, విదేశీ చిత్రానికీ రెండు. ఇన్ని చూశాక ఉత్తమ దర్శకుడి నామినేషనూ వస్తుందని ఆశపడటంలో వింతేముంది?

కానీ లెక్క వేరేగా ఉంది. ఆస్కార్‌లో నామినేషన్లు వేసేది చాలావరకు ఆయా శాఖల వాళ్లే. ఎడిటర్లకు ఎడిటర్లు, కెమెరామెన్‌కు కెమెరామెన్, నటులకు నటులు. పాత్రికేయుల మెప్పు వేరు, ఆ శాఖల వాళ్ల ఓటు వేరు. విజువల్ ఎఫెక్ట్స్ సంగతే చూడండి. డిసెంబరు 21న వచ్చిన పది సినిమాల తొలి జాబితాలోనే మన సినిమా లేదు. ఆ ఏడు ‘అవతార్’ రెండో భాగం బరిలో ఉందని గుర్తుంచుకుంటే దానికి పెద్దగా బాధపడక్కర్లేదు. అదే రోజు వచ్చిన నేపథ్య సంగీతం తొలి జాబితాలోనూ కీరవాణి పేరు లేదు. నిలిచింది పాట ఒక్కటే.

గాగా... రిహానా... చంద్రబోస్!

ఆ నిలవడం మాత్రం ఆషామాషీ కాదు. మొత్తం 81 పాటలు పోటీకి వచ్చాయి. అందులోంచి 15, ఆ పదిహేనులోంచి అయిదు. టేలర్ స్విఫ్ట్ పాట పదిహేనులో ఉండి అయిదులోకి రాలేకపోయింది. మిగిలినవాళ్లు ఎవరనుకున్నారు? ‘టాప్ గన్: మావెరిక్’కు లేడీ గాగా. ‘బ్లాక్ పాంథర్: వకాండా ఫరెవర్’కు రిహానా బృందం. ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ పాటకు డేవిడ్ బిర్న్, మిత్‌స్కీ, ర్యాన్ లాట్. ‘టెల్ ఇట్ లైక్ ఎ ఉమన్’కు డయాన్ వారెన్. ఈవిడకు అది పద్నాలుగో నామినేషన్! పోటీలో అంతవరకు ఒక్కసారీ గెలవలేదు. అంతకు రెండు నెలల ముందే గౌరవ ఆస్కార్ ఇచ్చారు.

వీళ్ల మధ్య రెండు పేర్లు: సంగీతం ఎం.ఎం.కీరవాణి, సాహిత్యం చంద్రబోస్. ‘అన్నమయ్య’కు జాతీయ అవార్డు అందుకున్న సంగీత దర్శకుడు ఒకరు. ఒకప్పటి వరంగల్ జిల్లా చల్లగరిగలో పుట్టి, ఇంజినీరింగ్ చదివి, 1995లో ‘తాజ్‌మహల్’తో పాటల రచయితైన వ్యక్తి మరొకరు. పాటలో తొంభై శాతం సగం రోజులో రాసేశాననీ, మిగతా పది శాతానికి ఏడాదిన్నర దాటిందనీ చంద్రబోస్ చెబుతుంటారు. ఇంట్లో పెళ్లి పనులు చేసిన వాళ్లెవరికైనా ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది!

ఆ పాటలో ఏముంది? పొలంలో దుమ్ము, ఎద్దు, జాతర, మర్రిచెట్టు నీడ, జొన్నరొట్టె, మిరపతొక్కు. సంగారెడ్డి, జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు ఇళ్లలో జొన్నరొట్టె కవిత్వం కాదు, రోజువారీ తిండి. ఫ్యాక్టరీకి వెళ్లే టిఫిన్ డబ్బాల్లోనూ అదే. దాని రుచి తెలిసిన ఓటరు బెవర్లీ హిల్స్‌లో ఎవరూ ఉండి ఉండరు. అయినా ఓటు పడింది. (ఈ నేల సరుకు పడమటికి వెళ్లడం కొత్తేమీ కాదనుకోండి. కొండాపూర్ తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ బంగారు నాణెం కూడా దొరికింది!)

అర్థం కాని పాటకు ఓటెలా వేశారు? పాట సినిమాలో ఎలా వస్తుందో ఆ దృశ్యాన్ని సంగీత శాఖ సభ్యులకు చూపిస్తారు. అంటే వాళ్లు విన్నది ఒక్కటే కాదు, చూసింది కూడా లెక్కలోకి వచ్చింది.

లేని గడి

అసలు కథంతా ఇక్కడే ఉంది. ఆ దృశ్యాన్ని ఒక్కసారి గుర్తు చేసుకోండి. తెల్లవాళ్ల విందులో ఓ దొర, మీకు డ్యాన్సంటే తెలుసా అని భీమ్‌ను అవమానిస్తాడు. దానికి జవాబు మాటతో కాదు, రాగంతో కాదు... కాళ్లతో! ఇద్దరు హీరోలు భుజాల మీద చేతులేసుకుని, కాళ్లు ఒక్క క్షణమైనా తేడా రాకుండా కదపడమే ఆ పాట. ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మరీన్‌స్కీ ప్యాలెస్ ముందు 2021 ఆగస్టులో ఆ అడుగుల్ని వేయించింది నృత్య దర్శకుడు ప్రేమ్‌రక్షిత్. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ నగరం యుద్ధంలో చిక్కుకుంది. ప్రపంచమంతా అనుకరించింది ఆ అడుగునే. మన గణేశ్ మండపాల ముందు పిల్లలు వేసిందీ, అమెరికా థియేటర్లలో ప్రేక్షకులు వేసిందీ అదే.

మరి నామినేషన్ జాబితాలో ప్రేమ్‌రక్షిత్ పేరేది? ఉండదు. ఆస్కార్‌లో నృత్యానికి విభాగమే లేదు. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవల పేర్లూ ఉండవు. ఆ అవార్డు పాట కట్టినవారికి, రాసినవారికే. పాటకు నాలుగు కాళ్లుంటే కాగితం మీద రెండే కనిపించాయి.

విచిత్రమేమిటంటే, ఆస్కార్‌లో ఒకప్పుడు నృత్య దర్శకత్వానికి అవార్డు ఉండేది. 1935, 36, 37 సంవత్సరాల చిత్రాలకు మూడంటే మూడేళ్లు ఇచ్చి ఎత్తేశారు. కాబట్టి గడులు దేవుడు గీసినవేం కావు. కావాలనుకుంటే మళ్లీ గీయొచ్చు. 98వ ఆస్కార్ నుంచి నటుల్ని ఎంపిక చేసే కాస్టింగ్ డైరెక్టర్లకు కొత్త అవార్డు పెట్టారు. స్టంట్ డిజైన్‌కూ ఇస్తామని 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. 2027లో విడుదలయ్యే చిత్రాల నుంచి అది మొదలు. ఆ ప్రకటనతో పాటు విడుదల చేసిన చిత్రాల్లో ‘ఆర్ఆర్ఆర్’ దృశ్యం కూడా ఉంది! నృత్యం ఊసు మాత్రం లేదు.

2023 మార్చి 12న ఆస్కార్ వేదిక మీద రాహుల్, కాలభైరవ స్వయంగా పాడారు. హాలంతా లేచి నిలబడింది. అక్కడ స్టేజీ మీద నృత్యాన్ని కూర్చింది మాత్రం అమెరికన్ కొరియోగ్రాఫర్లు. డ్యాన్సర్లలో మన ప్రాంతం వాళ్లెందుకు లేరని అక్కడి ప్రవాసులే గట్టిగా అడిగారు. అడగాల్సిందే! మనవాళ్ల అడుగుకు అంతమంది చప్పట్లు కొడుతుంటే, దాన్ని వేయడానికి మనవాళ్లు దొరకలేదా?

ఈ విషయంలో మన ఢిల్లీ జాబితాయే నయం. అదే ఏడు ఆగస్టు 24న ప్రకటించిన 69వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ‘ఆర్ఆర్ఆర్’కు ఆరు వచ్చాయి. నృత్యానికి ప్రేమ్‌రక్షిత్, గానానికి కాలభైరవ, నేపథ్య సంగీతానికి కీరవాణి, స్టంట్లకు కింగ్ సాల్మన్, విజువల్ ఎఫెక్ట్స్‌కు శ్రీనివాస్ మోహన్, ఆపైన ప్రజాదరణ పొందిన చిత్రం. చంద్రబోస్‌కూ ఉత్తమ గీత రచయిత అవార్డు వచ్చింది. అయితే ‘నాటు నాటు’కు కాదు, ‘కొండపొలం’ పాటకు! చూశారా, ఏ జాబితా తమాషా దానిది.

నామినేషన్ వచ్చిన మరునాడే, జనవరి 25న, కీరవాణికి పద్మశ్రీ ప్రకటించారు. మార్చిలో పాట గెలిచింది. అక్కడితో కథ కంచికి వెళ్లలేదు. జూన్‌లో అకాడమీ కొత్త సభ్యులకు పంపిన ఆహ్వానాల్లో కీరవాణి, చంద్రబోస్, ఎన్టీఆర్, రామ్‌చరణ్, ఛాయాగ్రాహకుడు సెంథిల్ కుమార్, కళా దర్శకుడు సాబు సిరిల్ ఉన్నారు. ఆ మరుసటి ఏడాది ఆహ్వానాల్లో రాజమౌళి, కాస్ట్యూమ్ డిజైనర్ రమా రాజమౌళి, వారితో పాటు ప్రేమ్‌రక్షిత్. జనవరి వచ్చిందంటే నామినేషన్లు వేయాల్సిన వాళ్లలో ఇప్పుడు తెలుగువాళ్లూ ఉన్నారన్నమాట. 81 పాటలో, వందో, ఎన్ని వస్తే అందులోంచి ఎంచుకుని ఓటు వేయాలి. అందులో చంద్రబోస్‌కు తెలియని భాషల పాటలూ ఉంటాయి.

ఆయన మాత్రం బహుమతి వచ్చాక సొంతూరు చల్లగరిగలో ఓ గ్రంథాలయం కట్టించారు. దాని పేరు ‘ఆస్కార్ గ్రంథాలయం’.